కారులో సీట్లు సరిచేసుకోవడం, సామాను భద్రంగా సర్దడం: ఊరి నుంచి బయలుదేరేవారికి సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి సెలవులు ముగిసి కోనసీమ నుంచి హైదరాబాదు తిరుగు ప్రయాణమయ్యే కార్లలో బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, పచ్చడి జాడీలు, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. ఏ సామాను ఎక్కడ పెట్టాలి, సీటు ఎలా సరిచేసుకోవాలి అని పాఠకులు పదేపదే అడుగుతున్నందున పని జరగవలసిన వరుసలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక సూత్రం మనసులో పెట్టుకోవాలి. మనుషులు కూర్చునే చోటు తేలాకే, మిగిలిన చోటు సామానుది అవుతుంది. మనలో చాలామంది దీన్ని తిరగేసి, ముందు సామానంతా ఎక్కించి, ఆ తరువాత మిగిలిన సందుల్లో మనుషులను కూర్చోబెడతారు. కింద చెప్పబోయే ప్రమాదాల్లో సగం అక్కడే మొదలవుతాయి.

1. ముందురోజు చేయవలసిన పని

1.1 బరువు లెక్క

డిక్కీలో పట్టినంత సామానునూ కారు మోయగలదని అనుకోకూడదు. కారుతో వచ్చిన పుస్తకంలో ఖాళీ కారు బరువు, నిండు కారు గరిష్ఠ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండింటి తేడాలోనే మనుషులు, సామాను అంతా ఇమడాలి.

ఉదాహరణకు ఖాళీ బరువు 900 కిలోలు, గరిష్ఠ బరువు 1,340 కిలోలు అనుకుందాం. తేడా 440 కిలోలు. సగటున 65 కిలోల మనుషులు ఐదుగురు ఎక్కితే 325 కిలోలు పోయి, సామానుకు 115 కిలోలు మిగులుతాయి. 25 కిలోల బియ్యం బస్తాలు రెండు, 15 కిలోల నూనె డబ్బా ఒకటి, డొక్క ఒలిచిన కొబ్బరికాయలు యాభై పెడితే, కాయ ఒక్కోటి అర కిలోకు అటూ ఇటూగా తూగుతుంది కాబట్టి, మొత్తం 90 కిలోలు అవుతుంది. ఇంకా బట్టల పెట్టెలు పెట్టనే లేదు. 15 కిలోల పెట్టెలు రెండు పెట్టగానే లెక్క దాటిపోతుంది.

ఈ లెక్క కాగితం మీద వేసుకుని ఇంట్లో పెద్దలకు చూపించడం మంచిది. "ఇంకొక్క బస్తా, అంతే కదా" అని అత్తగారు ప్రేమతో అన్నప్పుడు మాటతో కాదనడం కష్టం. అంకె చూపిస్తే వారే అర్థం చేసుకుని, మిగిలినది పార్సెల్‌లో పంపిద్దామంటారు.

1.2 టైర్లు, స్టెప్నీ

డ్రైవరు తలుపు తెరిచినప్పుడు కనిపించే చట్రం మీద, లేదా పెట్రోలు మూత లోపలి వైపున, గాలి ఎంత ఉండాలో తెలిపే చీటీ అంటించి ఉంటుంది. దానిలో సగం బరువుకు ఒక అంకె, పూర్తి బరువుకు మరో అంకె ఉంటాయి. నిండు కారుతో వెళ్లేటప్పుడు రెండో అంకె పాటించాలి. చాలా కార్లకు వెనక టైర్లలోనే ఎక్కువ గాలి కావలసి వస్తుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంటే కారు ఎక్కువ దూరం నడవక ముందే, గాలి చూడాలి.

స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడడానికి సామాను ఎక్కించాక వీలుండదు. జాకీ, వీల్ స్పానరు, ఎర్రటి త్రికోణపు హెచ్చరిక బోర్డు, ప్రథమ చికిత్స పెట్టె ముందే బయటికి తీసి, సామాను కదపకుండానే చేతికందే చోట పెట్టుకోవాలి.

1.3 కారు ఖాళీ చేయడం

సీట్ల కింద చేయి పెట్టి వెతకండి. నీళ్ల సీసాలు, ఆటబొమ్మలు, గొడుగులు బయటికి వస్తాయి. డ్రైవరు కాళ్ల దగ్గర ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు వేసి ఉంటే పైది తీసేయాలి. అది ముందుకు జారి పెడల్ కిందికి చేరుతుంది.

ముందురోజు చూసుకోవలసినవి:
☐ బరువు లెక్క కాగితం మీద వేశాము
☐ నాలుగు టైర్లకూ స్టెప్నీకీ గాలి చూశాము
☐ జాకీ, త్రికోణపు బోర్డు చేతికందే చోట ఉన్నాయి
☐ సీట్ల కింద, కాళ్ల దగ్గర ఏమీ లేదు
☐ ప్రతి సీటు బెల్టూ బయటికి వస్తోంది, లాకు పడుతోంది

2. ఎవరు ఎక్కడ కూర్చుంటారో తేల్చుకోవడం

బెల్టులు ఎన్ని ఉంటే మనుషులు అంతమందే. ఒక బెల్టులో ఇద్దరు పిల్లలను పెట్టడం, ఒళ్లో పసివాడిని పెట్టుకుని పెద్దవారు తమకూ వాడికీ కలిపి బెల్టు చుట్టుకోవడం రెండూ ప్రాణాంతకమే. రెండోదానిలో పెద్దవారి శరీర బరువంతా పసివాడి మీద పడుతుంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194బి సెక్షను ప్రకారం, బెల్టు పెట్టుకోకపోయినా, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రపరచకపోయినా 1,000 రూపాయల జరిమానా ఉంటుంది. వెనక కూర్చున్నవారికీ బెల్టు తప్పనిసరే.

3. డ్రైవరు సీటు: ఈ వరుస తప్పకూడదు

ఒక సర్దుబాటు మారితే దాని తరువాతివన్నీ మారిపోతాయి కాబట్టి వరుస ముఖ్యం. కారు ఆగి ఉన్నప్పుడు, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీరు నడిపే చెప్పులతోనే కూర్చుని ఇవన్నీ చేయండి.

1) వెనక్కి కూర్చోవడం. నడుము కింది భాగం సీటు మూలకు పూర్తిగా ఆనాలి. జేబులో పర్సు, ఫోను ఉంటే తీసేయాలి.

2) ఎత్తు. సీటు పక్కన ఉండే మీటను పైకి లాగితే సీటు కొద్దికొద్దిగా లేస్తుంది, కిందికి నొక్కితే దిగుతుంది. ముందు అద్దంలో సగం ఎత్తుకు కళ్లు రావాలి, తలకూ కప్పుకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. కాలవ గట్టు రోడ్ల మీద ఎదురు వాహనానికి దారిచ్చేటప్పుడు బానెట్ అంచు, రోడ్డు అంచు రెండూ కనిపించాలంటే పొట్టిగా ఉన్నవారు సీటు పెంచుకోక తప్పదు. దిండు వేసుకుని ఎత్తు తెచ్చుకోకూడదు. బ్రేక్ వేసినప్పుడు అది జారుతుంది, బెల్టు ఉండవలసిన చోట ఉండదు.

3) ముందుకూ వెనక్కూ. సీటు కింద ముందు భాగంలో ఉన్న కడ్డీ ఎత్తి జరుపుకోవాలి. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. ఆటోమేటిక్ అయితే బ్రేక్ గట్టిగా నొక్కి చూడాలి. కడ్డీ వదిలాక సీటును ఒకసారి ముందుకూ వెనక్కూ ఊపండి. "టక్" అని లాకు పడకపోతే, మొదటి గట్టి బ్రేక్‌కు సీటు జారిపోతుంది.

4) సీటు వీపుభాగం. భుజాలు సీటును వదలకుండా చేయి చాచినప్పుడు మణికట్టు స్టీరింగు పై అంచు మీద ఆనాలి. అందకపోతే వీపుభాగం నిటారు చేయాలి. పడక కుర్చీలో లాగా వాలి నడిపేవారి చేతులు త్వరగా అలసిపోతాయి, అంతకన్నా ముఖ్యంగా బెల్టు ఛాతీని పట్టుకోదు.

5) స్టీరింగు. పైకి, కిందికి, కొన్ని కార్లలో ముందుకు, వెనక్కి కూడా జరుగుతుంది. వేగం చూపే మీటరు పూర్తిగా కనిపించాలి. స్టీరింగు మధ్యభాగం ముఖం వైపు కాక ఛాతీ వైపు చూస్తూ ఉండాలి, ఛాతీకి దానికి కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఎయిర్‌బ్యాగు అక్కడి నుంచి రెప్పపాటు కన్నా వేగంగా విచ్చుకుంటుంది. మరీ దగ్గరగా కూర్చున్నవారిని అదే గాయపరుస్తుంది.

6) హెడ్‌రెస్ట్. దీన్ని తల ఆనించుకునే దిండు అనుకుని చాలామంది అడుగుకు దించేస్తారు. వెనక నుంచి వేరే వాహనం గుద్దినప్పుడు మెడ వెనక్కి విరగకుండా ఆపడం దాని పని. దాని పై అంచు తల పై భాగంతో సమానంగా ఉండాలి. తలకూ దానికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం దాటకూడదు.

7) బెల్టు. కింది పట్టీ కడుపు మీద కాక తుంటి ఎముకల మీదుగా బిగుతుగా పోవాలి. పై పట్టీ భుజానికీ మెడకీ మధ్య, కాలర్ ఎముక నడుమ నుంచి దిగాలి. మెడను కోస్తుంటే తలుపు పక్క స్తంభం మీద ఉండే సర్దుబాటును కిందికి జరపండి. పట్టీని చంక కింద నుంచి పోనివ్వకండి, పక్కటెముకలు విరుగుతాయి.

8) అద్దాలు. ఇవి చివరివి. పైగా సామాను ఎక్కాక కారు వెనక భాగం దిగుతుంది కాబట్టి, ఇప్పుడు సరిచేసినా బయలుదేరే ముందు మళ్లీ చూసుకోవాలి.

పంచె, లుంగీ కట్టుకుని నడిపేవారు అంచు పెడళ్లకు తగలకుండా పైకి దోపుకోవాలి. మడమకు పట్టీ లేని చెప్పులు పెడల్ కింద ఇరుక్కుంటాయి కాబట్టి నడిపేటప్పుడు వద్దు. విప్పిన చెప్పులను డ్రైవరు కాళ్ల దగ్గర వదలకండి.

సీటు కవర్ల గురించి ఒక మాట. సీటు అంచున ఎయిర్‌బ్యాగు అని చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంటే, అక్కడి నుంచి పక్క ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటుంది. దాన్ని మూసేసేలా కుట్టిన కవరు ఎంత అందంగా ఉన్నా తొలగించాలి. బెల్టు మోగకుండా లాకులో దూర్చే నకిలీ క్లిప్పులనూ పారేయండి.

4. ముందు సీటులో పక్కవారు

సీటు వీలైనంత వెనక్కి జరిపి, వెనకవారి మోకాళ్లకు చోటు ఉంచి, వీపుభాగం నిటారుగా పెట్టాలి. దూరప్రయాణంలో నిద్ర వస్తుందని సీటు వాల్చి పడుకుంటే, ప్రమాదంలో శరీరం బెల్టు కింద నుంచి ముందుకు జారి, కింది పట్టీ కడుపులోకి దిగుతుంది. కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టడం ఇంకా ప్రమాదం. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో వెనక ముఖం పెట్టే (అంటే బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండే) పిల్లల సీటును ఎట్టి పరిస్థితుల్లోనూ బిగించకూడదు.

5. వెనక సీటు

5.1 పెద్దవారు, గర్భిణులు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని మొదట కాళ్లు బయటే ఉంచి సీటు మీద అడ్డంగా కూర్చోమని, ఆ తరువాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పమని చెప్పండి. వారి కాళ్ల కింద సంచులు పెట్టి ఎత్తు చేయవద్దు. తొడలు సీటును వదిలిపోయి, బెల్టు కింది పట్టీ కడుపు మీదికి వస్తుంది.

గర్భిణులు కింది పట్టీని పొట్ట కింద తుంటి మీదుగా, పై పట్టీని రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా పోనివ్వాలి. పట్టుచీర కట్టుకున్నవారు పైటను మడతలుగా ఛాతీ మీద గుప్పగా ఉంచి దాని మీద బెల్టు వేస్తే అది వదులుగానే ఉంటుంది. పైటను పక్కకు తీసి, బెల్టు పెట్టుకుని, ఆపై బెల్టు మీద పైట వేసుకోవడం సరైన పద్ధతి.

వెనక హెడ్‌రెస్టులు వెనక అద్దానికి అడ్డమని తీసి ఇంట్లో పెట్టేస్తారు. మనిషి కూర్చునే ప్రతి సీటుకూ అవి ఉండాలి, అది కూడా పైకి లాగి.

5.2 పిల్లలు

పసిపిల్లలకు కనీసం 15 నెలలు నిండేదాకా, సీటు అనుమతిస్తే ఇంకా ఎక్కువకాలం, వెనక ముఖం పెట్టే సీటే కావాలి. ఆ తరువాత ముందు ముఖం సీటు, ఇంకా పెద్దయ్యాక బూస్టరు, అంటే కారు బెల్టు సరైన చోట పడేలా బిడ్డను ఎత్తుగా కూర్చోబెట్టే సీటు. సీటును ఐసోఫిక్స్ కొక్కేలకు (పిల్లల సీటు బిగించడానికి కారు సీటులోనే అమర్చి ఉండేవి) గానీ, కారు బెల్టుతో గానీ బిగించి, బెల్టు పోయే చోట పట్టుకుని ఊపి చూడండి. రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ బిగించాలి.

బూస్టరు మానేయడానికి వయసు కొలమానం కాదు. బిడ్డ వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నప్పుడు మోకాళ్లు సీటు అంచున వంగాలి, కింది పట్టీ తొడల మొదట్లో ఉండాలి, పై పట్టీ మెడను తాకకూడదు. ఈ మూడూ కుదిరితేనే మానేయాలి. కొన్ని పాత కార్లలో వెనక మధ్య సీటుకు నడుము పట్టీ మాత్రమే ఉంటుంది. అక్కడ బూస్టరు పెట్టకూడదు.

6. సీట్లు మడవడం, మళ్లీ నిలబెట్టడం

వెనక సీటు వీపుభాగం డిక్కీకీ మనుషులకూ మధ్య ఉన్న గోడ. ఆ గోడకు ఉన్న బలమంతా దాని లాకులోనే ఉంది. ఇది నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే.

మడిచే ముందు హెడ్‌రెస్టులు దించండి, బెల్టు పట్టీలను పక్క కొక్కేలకు తగిలించండి, సీటు మీద ఏమీ లేకుండా చూడండి. మీట లాగి, చేయి పట్టుకుని నెమ్మదిగా వంచండి. 60:40గా విడిపోయే సీటులో పెద్ద భాగం మడిస్తే వెనక ఒక్కరికే చోటు ఉంటుంది, చిన్న భాగం మడిస్తే ఇద్దరికి.

తిరిగి నిలబెట్టేటప్పుడు ఈ నాలుగూ చూడండి:
☐ లాకు పడిన చప్పుడు వినిపించింది
☐ మీట దగ్గర ఎర్ర గుర్తు ఉండే కారైతే, అది కనిపించడం లేదు
☐ వీపుభాగాన్ని పై అంచున పట్టుకుని గట్టిగా ముందుకు లాగినా కదలలేదు
☐ బెల్టు పట్టీ సీటు వెనక ఇరుక్కోలేదు

లాకు పడనట్టయితే బలవంతంగా గుద్దకండి. చాలాసార్లు బెల్టు పట్టీయో, గోనెసంచి మూలో, సీటు కవరు మడతో అడ్డుపడి ఉంటుంది.

వెనక సీటులో ఎవరూ లేకుండా డిక్కీ నిండుగా ఉన్నప్పుడు, ఖాళీ సీట్ల బెల్టులు కూడా లాకులో పెట్టేయండి. సీటు వీపును అవి అదనంగా పట్టి ఉంచుతాయి.

ఏడు సీట్ల కార్లలో మూడో వరుస నిలబెడితే వెనక మిగిలేది సన్నటి చోటు. ఆ వరుసలో కూర్చునేవారి తలలు వెనక అద్దానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి, అక్కడ బస్తాలు నిలువుగా పేర్చకూడదు. నలుగురైదుగురే వెళుతుంటే మూడో వరుస మడిచి, సామానును రెండో వరుస వీపుకు ఆనించి పెట్టడం మేలు.

7. డిక్కీ నింపే వరుస

బరువైన వస్తువు కట్టకుండా ఉంటే ఏమవుతుందో లెక్క కట్టి చూడవచ్చు. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ దేనినైనా ఢీకొని ఆగితే, లోపలి వస్తువు అదే వేగంతో ముందుకు దూకుతుంది. ఆ వేగం, 14 మీటర్ల ఎత్తు నుంచి ఆ వస్తువు కింద పడితే వచ్చే వేగానికి సమానం. ఎదిగిన కొబ్బరిచెట్టు మీద నుంచి పది కిలోల బెల్లం బుట్ట మన నెత్తిన పడినట్టు ఊహించుకోండి.

మొదటి దశ: బరువైనవి అడుగున, సీటు వీపుకు ఆనించి. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, మేత బస్తాలు అన్నీ పడుకోబెట్టి, సీటుకు సందు లేకుండా జరపాలి. సందు ఉంటే ఆ సందు మేర వేగం పుంజుకుని గుద్దుతాయి. వెనక తలుపు దగ్గర బరువు పెడితే కారు ముందు భాగం తేలికై, స్టీరింగు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్ల వెలుగు ఆకాశంలోకి పోతుంది.

రెండో దశ: కుడి ఎడమలు సమానం. రెండు బస్తాలు ఒకే పక్క పెట్టకండి. వెనక సీటులో ఇద్దరే ఉంటే ఎక్కువ బరువు డిక్కీ మధ్యలోకి రావాలి.

మూడో దశ: పెట్టెలు. గట్టి పెట్టెలు బస్తాల వెనక నిలువుగా ఇరికించి, మధ్య సందుల్లో బట్టల సంచులు, దుప్పట్లు కూరాలి. మెత్తటి సంచి మంచి అడ్డు.

నాలుగో దశ: తేలికైనవి పైన. కానీ ఏదీ సీటు వీపు ఎత్తు దాటకూడదు. దాటినది బ్రేక్ వేసినప్పుడు ముందున్నవారి తల వెనకకు వచ్చి తగులుతుంది. వెనక అద్దం దగ్గరి ట్రే మీద గొడుగు కూడా పెట్టవద్దు.

అయిదో దశ: కట్టడం. డిక్కీ అడుగున నాలుగు మూలల్లో ఉండే కొక్కేలకు వలో, బిగింపు పట్టీయో కట్టండి. కొక్కేలు లేని కార్లలో సందుల్లేకుండా ఇరికించడమే కట్టుతో సమానం. సాగే రబ్బరు తాళ్లు తేలికైన వాటికే. బస్తాను అవి ఆపలేవు.

త్రికోణపు బోర్డు, టార్చి, నీళ్లు, మందుల సంచి అన్నిటికన్నా చివర, తలుపు తీయగానే దొరికేటట్టు పెట్టండి.

సీఎన్‌జీ కార్లలో డిక్కీలోని సిలిండరు వాల్వు, గొట్టాల మీద బరువు ఆనకూడదు. అక్కడ బట్టల సంచులే పెట్టాలి. అటువంటి కారుకు ఖాళీ బరువే ఎక్కువ కాబట్టి 1.1లో చెప్పిన లెక్క ఆ మోడలు అంకెలతోనే వేయాలి.

8. మన ప్రాంతపు సామాను: ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త

కొబ్బరికాయలు. విడిగా ఒక్క కాయ కూడా కారులో ఉండకూడదు. ఒకసారి కొత్తపేట దాటాక, వెనక సీటు కింద మిగిలిపోయిన ఒక్క కాయ దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి క్లచ్ నొక్కి పక్కకు ఆపగలిగాను. అది బ్రేక్ పెడల్ కిందికి చేరి ఉంటే బ్రేక్ దిగేది కాదు. నాటి నుంచి కాయలు లెక్కపెట్టి గోనెసంచిలో వేసి, మూతి కుట్టించి, దించేటప్పుడు మళ్లీ లెక్కపెడుతున్నాను. సంచిని సగమే నింపి మూతి బిగిస్తే అది పడుకుంటుంది. నిండుగా కూరితే దొర్లుతుంది.

అరటి గెలలు. గెలను హస్తాలుగా కోయించి, పాత పేపర్లు పరిచిన అట్టపెట్టెలో పెట్టండి. జిగురు మరక సీటు గుడ్డకు పట్టిందంటే పోదు. గెల కాడ మొన బయటికి పొడుచుకుని ఉండకూడదు.

ఆవకాయ, మాగాయ, నెయ్యి. వాసెన కట్టిన జాడీ ఇంటి అటక మీద భద్రం, ప్రయాణంలో కాదు. ప్రతి స్పీడు బ్రేకరుకూ నూనె పైకి తేలి కారుతుంది. గట్టి మరమూత ఉన్న స్టీలు డబ్బాల్లోకి మార్చి, మూత మీద పలచటి ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టండి. ఖాళీ జాడీని దుప్పటిలో చుట్టి వేరుగా పెట్టవచ్చు.

పూతరేకులు, కాజాలు. పూతరేకుల పెట్టె అన్నిటికన్నా పైన, కానీ సీటు వీపు ఎత్తు లోపల. కాజాల పాకం కారుతుంది కాబట్టి డబ్బాను పక్కకు వాల్చకూడదు.

చేపలు, రొయ్యలు. ఐసు వేసిన థర్మోకోల్ పెట్టె మూత చుట్టూ టేపు వేసి, దాన్ని ఇంకో టబ్బులో పెట్టి డిక్కీలోనే ఉంచండి. ఐసు కరిగిన నీరు స్టెప్నీ గుంటలోకి చేరితే వాసన పోవడానికి వారాలు పడుతుంది, రేకు తుప్పు పడుతుంది. ముందు సీట్ల కింద వైర్లు ఉంటాయి కాబట్టి అక్కడ అసలు పెట్టవద్దు.

కోళ్లు. గాలి ఆడని డిక్కీలో పెట్టకూడదు. గంపలో పెట్టి వల కట్టి, వెనక సీటు కాళ్ల దగ్గర, డ్రైవరుకు దూరంగా ఉంచాలి. గంపను ముందు సీటు వీపుకు ఆనించాలి.

డీజిలు డబ్బాలు, చెరువు మందులు. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువుల రైతులు ఏరేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) కోసం డీజిలు, బ్లీచింగు పౌడరు కారులోనే తెస్తుంటారు. మూసి ఉన్న కారులో బ్లీచింగు వాసన కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. మనుషులతో పాటు వీటిని తేవద్దు, ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

గ్యాస్ సిలిండరు. కుటుంబంతో వెళ్లే కారులో ఇది వద్దే వద్దు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే డిక్కీ అడుగున నిలిచి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు.

9. టాపు మీద సామాను

పట్టాలు గానీ క్యారియరు గానీ లేని కారు టాపు మీద ఏమీ పెట్టవద్దు. ఉన్నా, పుస్తకంలో రాసిన పరిమితే పాటించాలి. చాలా కార్లకు అది క్యారియరు బరువుతో కలిపి 50 నుంచి 75 కిలోల మధ్య ఉంటుంది. ఎత్తున బరువు పెరిగితే మలుపుల్లో కారు పక్కకు ఒరుగుతుంది. కాలవ నీటిని ఆపే లాకుల దగ్గర కాలవ దాటుతూ ఒక్కసారిగా తిరిగే మన రోడ్లలో అది వెంటనే తెలుస్తుంది.

పరుపులు, బట్టల సంచులు, ఖాళీ బుట్టలు పైకి, బస్తాలు కిందికి. బరకం కప్పితే దాని అంచులు తాడు కిందికి మడవాలి, లేకపోతే గాలికి కొట్టుకుని చిరుగుతుంది. తాడు పొడవుగానూ అడ్డంగానూ రెండు వైపులా పోవాలి. తలుపుల్లోంచి తాడు పోనిస్తే ప్రమాదంలో తలుపు తెరుచుకోదు.

10. బయలుదేరే ముందు, దారిలో

అందరూ ఎక్కాక అద్దాలు మళ్లీ సరిచేయండి. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీద హెడ్‌లైటు ఎత్తు తిప్పే మర ఉంటుంది. దానిపై 0, 1, 2, 3 అంకెలు ఉంటాయి. సున్నా డ్రైవరు ఒక్కడే ఉన్నప్పటికి. నిండు కారుకు పుస్తకం చెప్పిన పెద్ద అంకెకు తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది. ఇలా చేయకపోతే రాత్రి ఒంటివరస గట్టు మీద ఎదురొచ్చే బండివాడికి కళ్లు చీకట్లు కమ్ముతాయి, పక్కనేమో కాలవ.

ఊరు దాటకముందే, వెనక ఎవరూ లేని చోట, 20 కిలోమీటర్ల వేగంలో ఒకసారి కొంచెం గట్టిగా బ్రేక్ వేయండి. డిక్కీలో ఏదైనా కదిలిన చప్పుడు వస్తే ఆపి సర్దండి. అమలాపురం నుంచి బయలుదేరినవారు రావులపాలెంలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కే ముందు ఆగి, తాళ్లు, టైర్లు ఒకసారి చూసుకోవాలి. అప్పటికి సామాను కుదురుకుని తాళ్లు వదులవుతాయి.

బరువెక్కిన కారు ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. ముందు వాహనానికి మామూలు కన్నా ఎక్కువ ఎడం ఇవ్వండి. స్పీడు బ్రేకర్లు, కల్వర్టులు నెమ్మదిగా దాటండి. కారును పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కించే రేవులో వాలు ఎక్కువ కాబట్టి మనుషులను దించి, వెనక బంపరు నేలకు తగలకుండా పక్కన ఒకరు చూస్తుండగా ఎక్కించాలి.

11. తరచు ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి మందు

నడుము నొప్పి వస్తోంది: సీటు దూరంగా ఉండి క్లచ్ కోసం కాలు చాస్తున్నారేమో చూడండి. ముందుకు జరిపి, నడుము దగ్గర చిన్న తువ్వాలు మడిచి పెట్టండి. రెండు గంటలకోసారి దిగి నడవాలి.

వెనక అద్దంలో ఏమీ కనిపించడం లేదు: సామాను ఎత్తు మించింది. తగ్గించడమే మార్గం.

బెల్టు బయటికి రావడం లేదు: గట్టిగా గుంజితే లాకు పడుతుంది. పూర్తిగా వదిలి, నెమ్మదిగా లాగండి. అప్పటికీ రాకపోతే సామాను దానిపై కూర్చుని ఉంటుంది.

సీటు జరగడం లేదు: పట్టాలో నాణెమో, పెన్నో, రాయో పడి ఉంటుంది. బలం ఉపయోగించక టార్చి వేసి తీయండి.

కారు వెనక భాగం నేలకు తగులుతోంది: బరువు మించిందో, అంతా వెనక తలుపు దగ్గర చేరిందో తేల్చుకోండి. రెండోది అయితే సర్దుబాటు మార్చాలి, మొదటిది అయితే దించాలి.

12. గమ్యం చేరాక

డిక్కీ తలుపు తెరిచేటప్పుడు ముందు కొంచెమే ఎత్తి, చేయి అడ్డుపెట్టి, పైన ఉన్నది జారకుండా చూడండి. పిల్లలను దూరంగా నిలబెట్టండి. బస్తాను నడుము వంచి కాక మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తాలి. కాయలు లెక్క సరిపోయాయో చూసి, డిక్కీ మ్యాటు ఎత్తి తడి ఉంటే ఆరబెట్టండి. మరునాడు టైర్ల గాలిని మామూలు అంకెకు తగ్గించి, హెడ్‌లైటు మరను సున్నాకు తిప్పి, హెడ్‌రెస్టులు, సీట్లు యథాస్థానానికి తేవాలి.